గుప్పెడు పాత ఊక

సంతకం పెట్టనంది జైతూన్ బీ.

"చదివావా అసలు?" అన్నాడు కృష్ణచైతన్య సారు, పెన్ను మూత తీసి ఆవిడ ముందు పెడుతూ.

"చదివాను సార్. చదివాను కాబట్టే పెట్టనంటున్నా."

బందరులో ఆ ఫార్మసీ కాలేజీలో మెమోలు కొత్తేం కాదు. లేటుగా వచ్చిన అటెండర్లు, సీసాలు పగలగొట్టిన కుర్రాళ్ళు, అందరూ తీసుకున్నవాళ్ళే. సంతకం పడేసి, బయటికెళ్ళి టీ తాగి మర్చిపోయేవాళ్ళు. ఎలుకల గది చూసుకునే జైతూన్ బీకి మాత్రం ఆరేళ్ళలో ఇదే మొదటిది. 'పెట్టెలు శుభ్రం చేసే సమయంలో అటెండెంట్ అజాగ్రత్త వల్ల ఏడో నంబరు పెట్టెలోని ఎలుకలు, పదకొండో నంబరు పెట్టెలోని ఎలుకలు తారుమారైనవి' అని టైపు కొట్టి ఉంది. కింద ఆవిడ పేరు, పక్కన సంతకానికి ఖాళీ.

"తారుమారు కాలేదు సార్."

"మరి ఎలా వచ్చింది రిజల్టు అలా? గాల్లోంచి ఊడిపడిందా?"

"అది నాకు తెలీదు. ఎలుకలు మాత్రం మారలేదు."

సారు చెడ్డవాడేం కాదు. గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చి తొమ్మిదిన్నరకల్లా కుర్చీలో ఉండే మనిషి. కానీ ఎనిమిది నెలల పని నీళ్ళపాలైతే ఎవరి మీదో ఒకరి మీద పెట్టాలి కదా, దగ్గర్లో చవగ్గా దొరికింది అటెండరు. రెండు మెమోలు పడితే డిసెంబరులో కాంట్రాక్టు మళ్ళీ రాయరని కాలేజీలో అందరికీ తెలుసు. జైతూన్ బీకి ఆ భయం లేకపోలేదు. కానీ ఒళ్ళు మండింది మాత్రం దానికి కాదు. నా ఎలుకల్ని నేను గుర్తుపట్టలేననుకున్నాడా ఈయన, అని.

"రేపు రండి సార్ గదిలోకి," అంది. "తోకలు మూసేసి ఒక్కొక్కటే నా చేతిలో పెట్టండి. ఏది ఏదో చెబుతాను. చెప్పలేకపోతే మీ కాగితం మీద సంతకం ఏంటి, వేలిముద్ర కూడా వేస్తాను."

తలుపు దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్న హారిక తలెత్తి చూసింది. ఎలుకలు హారికవి, అంటే ఆమె పీహెచ్‌డీవి. నాగాయలంక పిల్ల. వాళ్ళ నాన్నకి రెండు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలకి ఏ జబ్బు ఎందుకొస్తుందో చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగి, చివరికి ఈ చదువులో తేలింది.

"సరే," అన్నాడు సారు. "రేపు పదింటికి."

గదికి తిరిగొచ్చి జైతూన్ బీ చెప్పులు విప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. పచ్చగౌను, మాస్కు, టోపీ, గ్లవ్స్. కోపంగా ఉన్నా ఒక్కటీ వదల్లేదు. పన్నెండు ప్లాస్టిక్ పెట్టెలు, పైన కమ్మీల మూతలు, మూడు వరసలు. తెల్ల చీటీలవి నాలుగు, వాటికి ఏమీ పెట్టలేదు. పసుపు చీటీలవి నాలుగు, వాటి కడుపులోకి ఒక రకం సూక్ష్మజీవుల్ని పంపారు. ఎర్ర చీటీలవి నాలుగు. వాటికీ అదే జీవి, కాకపోతే అది విషం తయారుచేసే రకం. అన్నిటికీ ఒకే టీకా వేశారు. పేగుల్లో విషం పుట్టించే జీవి కాపురముంటే ఒళ్ళు టీకాని పట్టించుకుంటుందా లేదా, అదీ హారిక ప్రశ్న. ఎర్ర చీటీల ఎలుకల రక్తంలో టీకాకి రావలసిన ప్రతిరక్షకాల్లో సగమే వచ్చాయి. అనుకున్నదే. పసుపు చీటీల్లో ఏడో పెట్టెలోని ఐదూ ఎర్ర చీటీల వాటిలాగే సగం చూపించాయి. వాటి పెంటికలు పరీక్ష చేస్తే విషం రకం జీవి కూడా కనిపించింది. రాకూడదు మరి. గొడవంతా అక్కడే. ఎర్ర వరసలో దానికి సరిగ్గా కింద ఉండేది పదకొండు కాబట్టి సారు అనుమానం ఆ రెంటి మీదికి పోయింది.

తెల్లవి ముందు, పసుపువి తర్వాత, ఎర్రవి ఆఖరున. మార్చే వరస ఎప్పుడూ అదే. ఒక్కో పెట్టెకి ఒక్కో జత గ్లవ్స్. గుడివాడ మిల్లు నుంచి బస్తాల్లో వచ్చే ఊకని జల్లించి, నూక, దుమ్ము తీసేసి, ఆవిరి మిషన్లో ఉడికించి ఆరబెడుతుంది. కొత్త పెట్టెలో రెండు వేళ్ళ మందాన పరుస్తుంది. ఎలుకని తోక మొదట్లో పట్టుకుని, అరచెయ్యి కింద ఆసరా పెట్టి దింపుతుంది. వట్టి తోక పట్టుకుని వేలాడదీసిన కుర్రాళ్ళని తిట్టిపోసిన రోజులున్నాయి. ఇక ఆఖరి పని. ఎలుకలు కట్టుకున్న పాత గూడులోంచి ఒక గుప్పెడు తీసి కొత్త ఊక మీద ఓ మూల పెడుతుంది. పాత వాసన లేకపోతే మగ ఎలుకలు కొట్టుకుచస్తాయి. ఆవిడకంటే ముందు ఈ గది చూసిన అల్లావుద్దీన్ నేర్పిన పద్ధతి అది. ఆయన దానికేం పేరు పెట్టలేదు. జైతూన్ బీ పెట్టింది. పాలల్లో వేస్తాం చూడు, అలా తోడు వెయ్యడం అంటుంది.

హారిక వచ్చి పక్కన నిలబడింది.

"పిన్నీ, కోప్పడకు. నిజంగా మారలేదు కదా?"

జైతూన్ బీ చేతిలో ఎలుకని పెట్టెలోకి వదిలి మూత పెట్టింది.

"నువ్వు కూడా అడిగావూ?"

హారిక మొహం చిన్నబుచ్చుకుంది. "సారీ పిన్నీ," అని గొణిగి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పదింటికి సారు వచ్చాడు, నిజంగానే గౌను, మాస్కు వేసుకుని. హారిక నోట్‌బుక్ తెచ్చింది. ఎలుకల తోకల మీద ఆమె పెన్నుతో వేసే గీతలుంటాయి, ఒకటి, రెండు, మూడు అని. వాటిని గుడ్డముక్కతో చుట్టేసి సారు మొదటిదాన్ని జైతూన్ బీ అరచేతిలో పెట్టాడు.

తెల్లటి ఎలుకలు. అన్నీ ఒకే ఈడువి, ఒకే ఎర్ర కళ్ళు. కొత్తవాళ్ళకి బియ్యంలో గింజకీ గింజకీ ఎంత తేడానో వీటికీ అంతే. జైతూన్ బీ దాన్ని ఎత్తి చూసింది, చెవి తిప్పింది, వెనకకాళ్ళు వేలితో కదిపింది.

"ఏడో పెట్టె. మూడు గీతలది. ఎడమ చెవి అంచు కొద్దిగా మడత పడుంటుంది, పుట్టుకతోనే."

హారిక గుడ్డ తీసింది. మూడు గీతలు. నోట్‌బుక్ తిప్పింది. "వచ్చిన రోజునే రాశాను సార్, 'ఎడమ చెవి మడత' అని."

"పదకొండు. ఒక గీత. కుడి వెనక కాలికి చిటికెనవేలి గోరు లేదు... ఇదీ పదకొండే, మీసాలు ఒక వేపు కత్తిరించినట్టుంటాయి, పక్కది కొరికేస్తుంది... ఇది ఏడు."

ఏడుదాన్ని పట్టుకుని కొంచెం ఆగింది. తోక మొదట్లో సన్నటి మచ్చ. "ఐదు గీతలది. జులైలో కొట్టుకున్నప్పుడు పక్కది కరిచింది. రక్తం వచ్చింది పాపం. వారం పట్టింది మానడానికి."

పదికి పదీ చెప్పింది. నాలుగింటి ఆనవాళ్ళు హారిక నోట్‌బుక్‌లో మొదటివారం నుంచీ ఉన్నాయి, అదే పెట్టె, అదే గీతలు. ఇక మారే ప్రశ్నే లేదు. జైతూన్ బీ ఆఖరిదాన్ని దింపి, మూత పెట్టి, గ్లవ్స్ విప్పి డబ్బాలో పడేసింది.   మిగతాది మొహమే చెబుతోంది.

సారు మాస్కు కిందికి లాగాడు. "సరే. ఎలుకలు మారలేదు," అన్నాడు. తర్వాత హారిక వేపు తిరిగాడు.

"అంటే ట్యూబులు మారాయన్నమాట."

హారిక నోట్‌బుక్ మూసింది.

"ఎలుకల్ని ఈవిడ మార్చలేదు. పెట్టెలోకి జీవులు వాటంతట అవి నడిచి రావు. మొదటి రోజు వాటి గొంతులోకి ట్యూబుల్లోంచి జీవుల్ని పోసింది ఎవరు? నువ్వు. పసుపు ట్యూబు బదులు ఎర్ర ట్యూబు తీశావు. ఒక్క పెట్టెలోనా, మిగతావాటిల్లో కూడానా, ఎవరికి తెలుసు? అరవై ఎలుకలు, ఒక్క లెక్కా నమ్మడానికి లేదు. మళ్ళీ అరవై ఎలుకలకి జంతువుల వాడకం చూసే కమిటీ పర్మిషనివ్వదు. నవంబరులో థీసిస్ ఏం పెట్టి ఇస్తావో ఆలోచించుకో."

ఆయన వెళ్ళిపోయాడు. మెమో సంగతి ఎత్తలేదు, చింపానని గానీ తీసేశానని గానీ అనలేదు. జైతూన్ బీకి ఆ క్షణంలో అదేం పట్టలేదు. గెలిచింది కదా. మధ్యాహ్నం డబ్బా విప్పి, గోంగూర పచ్చడి, అన్నం మెతుకు మిగల్చకుండా తింది.

చెయ్యి కడుక్కుని వస్తుంటే వరండాలో ఊక బస్తా మీద కూచుని ఉంది హారిక.

"నేనే మార్చానేమో పిన్నీ," అంది. "ఆ రోజు నాకు జ్వరం. వంద దాటింది. అయినా వాయిదా వెయ్యలేదు. పసుపు ట్యూబే తీశానని ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను. నీకు నీ ఎలుకలు గుర్తున్నాయి. నాకు నా చెయ్యి గుర్తులేదు."

"నీ చెయ్యి తప్పు చెయ్యదమ్మా."

"ఎలా తెలుసు నీకు?"

జైతూన్ బీ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఆమె పక్కన కూచుంది. 

*

ఖొజ్జిల్లిపేటలో జైతూన్ బీ ఇంటి గోడ, పక్కింటి వీరదుర్గ ఇంటి గోడ ఒకటే. సాయంత్రం పాలు కాచి దించేసరికి వీరదుర్గ చిన్న స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది.

"వదినా, ఇంత తోడు పెట్టవా? మాది నిన్న పెరుగంతా జిగురు. తీగలు సాగుతోంది, మా ఆయన పళ్ళెం తోసేశాడు. ఆ తోడుతో మళ్ళీ వేస్తే రేపు కూడా అంతేనాయె. మీ ఇంట్లో అయితే గడ్డలా తోడుకుంటుంది."

"పాతది మొత్తం పారబొయ్యి. గిన్నె ఎండలో పెట్టావా?"

"పెట్టా. ఒక్క చెంచా చాలు. ఒక్క చెంచాతో మీ ఇంటి పెరుగే మా ఇంట్లోనూ."

జైతూన్ బీ పెరుగు గిన్నె మూత తీసింది. చెంచా ముంచింది. పైకి తీసిన చెంచా అలాగే ఉండిపోయింది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు. ఇదిగో."

వీరదుర్గ వెళ్ళాక ఆవిడ గుమ్మం మీద కూలబడింది. యా అల్లా, అనుకుంది. యా అల్లా, ఎంత పని చేశాను.

జులై నెల. శనివారం. హారిక ఊరెళ్ళింది. ఏడో పెట్టె నీళ్ళ సీసా రాత్రంతా కారి, ఊక, గూడు అంతా ముద్దయిపోయింది. మొత్తం తీసి పారేసి కొత్త ఊక పరిచింది. తోడు వెయ్యడానికి పొడిగా చిటికెడు కూడా మిగల్లేదు. మధ్యాహ్నానికి అవి ఒకటే కొట్లాట. ఐదు గీతలదానికి తోక మొదట్లో రక్తం. ఇవాళ పొద్దున్న సారు ముందు గొప్పగా చూపించిందే, ఆ మచ్చ. అప్పుడు ఏం చేసింది? ఇంట్లో తోడు లేకపోతే ఏం చేస్తారు ఎవరైనా? పక్కింట్లో అడుగుతారు. పన్నెండు పెట్టెలూ చూసింది. పదకొండులోవి బుద్ధిగా ఓ మూల ముడుచుకుని పడుకునున్నాయి. ఏ గొడవా ఉండదు వాటితో. మంచి ఇంటి తోడు వేస్తే మంచి పెరుగు. పదకొండులోంచి ఒక గుప్పెడు తీసి ఏడులో వేసింది. వేసే ముందు గ్లవ్స్ మార్చింది, వేశాక మళ్ళీ మార్చింది! సాయంత్రానికి కొట్లాట ఆగింది. ఎంత సంతోషించిందో.

పదకొండు ఎర్ర చీటీ. బుద్ధిగా పడుకున్నాయంటే బుద్ధి కాదు అది, ఒంట్లో బాగోక. ఎలుకలు పెంటికలు తింటాయి, అది ఆవిడకి తెలియంది కాదు. గుప్పెడు ఊకలో ఎన్ని పెంటికలు! విషం జీవి ఎలుక కడుపులో ఉంటుందనుకుంది గానీ ఊకలో ఉంటుందని తట్టలేదు. పెరుగంతా ఆ ఒక్క చెంచాలోనే ఉంటుందని మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తెలుసు.

పెడన బస్సు దిగి భర్త ఖలీల్ వచ్చేసరికి ఆవిడ ఇంకా గుమ్మం మీదే ఉంది. ఖలీల్ పెడనలో కలంకారీ అద్దకం పనికి వెళ్తాడు, ముప్ఫై ఏళ్ళుగా. వేళ్ళ సందుల్లో నలుపు ఎప్పటికీ పోదు. ఆవిడ చెప్పిందంతా విని, చొక్కా విప్పి తగిలించి, తీరిగ్గా అన్నాడు.

"నిన్ను ఎవరైనా అడిగారా?"

"లేదు."

"నీ మీద వేసిన నింద పోయింది. పదిమందిలో గెలిచి వచ్చావు. ఎవరికీ తెలీదు, తెలిసే దారీ లేదు. నోరు మూసుకుని ఊరుకో జైతూన్. రెండో మెమో ఇస్తే డిసెంబరులో ఇంట్లో కూచుంటావు."

"ఆ పిల్ల తన చెయ్యే తప్పు చేసిందని నమ్మేస్తోంది."

"చిన్నపిల్ల. ఇంకోటి చదువుకుంటుంది."

జైతూన్ బీ లేచి నిలబడింది. "నువ్వు ఎప్పుడైనా అచ్చు పక్కకి జరిగిన గుడ్డని మడత లోపల పెట్టి పంపించావా?"

ఖలీల్ ఠక్కున చూశాడు. "నేనా? నా అద్దకంలోనా?"

"ఊరికే అడిగాను."

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచే గట్టిగా అన్నాడు, "పొద్దున్నే తొందరగా వెళ్ళు. ఆ సారు వచ్చే లోపలే."

*

హాస్టల్లో హారిక లేదు. బ్యాగు సర్దుకుని బస్టాండుకి వెళ్ళిందని పక్కగది అమ్మాయి చెప్పింది. ఆటో ఎక్కి జైతూన్ బీ బస్టాండుకి చేరేసరికి అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళే బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. కిటికీ పక్కన హారిక, ఒళ్ళో బ్యాగు.

"దిగు," అంది జైతూన్ బీ కిటికీ కమ్మీ పట్టుకుని.

"పిన్నీ? నేను వెళ్తున్నాను. నాన్నకి చెప్పేస్తాను, ఇంక నా వల్ల—"

"దిగమ్మా ముందు! నీ చెయ్యి కాదు, నా చెయ్యి. నేనే వేశాను."

కండక్టరు రైట్ అనేశాడు. "ఏం బాబూ, పిల్ల దిగుతోంది కనపట్టంలా?" అని ఆవిడ కేకేసిన కేకకి బస్సు ఆగింది.

ప్లాట్‌ఫారం మీదే నిలబెట్టి మొత్తం చెప్పింది. హారిక మొదట అర్థంకానట్టు చూసింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని జైతూన్ బీ గుండె రాయి చేసుకుని ఉంది. హారిక రెండూ చెయ్యలేదు. ఆవిడ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఏ రోజు పిన్నీ? తారీఖు కావాలి."

"గదిలో క్యాలెండర్ మీద చుట్టేశాను. 'ఏడు, నీళ్ళు కారింది' అని. పంతొమ్మిది."

"పంతొమ్మిది శనివారం. నేను ప్రతి శుక్రవారం అన్ని పెట్టెల పెంటికలూ తీసి ఫ్రీజర్లో పెట్టాను. కిట్లు చాలవని ఆఖరివారంవే పరీక్ష చేశాం. పిన్నీ, నేను ట్యూబు మార్చుంటే ఏడో పెట్టెలో పదకొండో తారీఖు పెంటికల్లోనే విషం రకం ఉండాలి. నువ్వు వేశావంటే పద్దెనిమిది దాకా ఉండకూడదు, ఇరవై ఐదున ఉండాలి!" ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, మనిషి మాత్రం అప్పుడే ఆటో వెతుకుతోంది.

సారు కుర్చీలో కూచోక ముందే జైతూన్ బీ ఆయన ముందు నిలబడి చెప్పేసింది. నీళ్ళ సీసా, కొట్లాట, పదకొండో పెట్టె, గుప్పెడు ఊక. గ్లవ్స్ మార్చిన సంగతి కూడా చెప్పింది, గొప్పకి కాదు, జరిగింది జరిగినట్టు.

సారు మొహం ఎర్రబడింది. "ఒక పెట్టెలోది ఇంకో పెట్టెలో వెయ్యకూడదని తెలీదా నీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్. అయినా నాకు తట్టాల్సింది."

"నిన్న నిలబడి ఎంత పొగరుగా మాట్లాడావు!"

"నిన్నటిది వేరు సార్. ఎలుకలు మార్చానన్నారు, మార్చలేదు. ఇవాళ్టికీ మార్చలేదనే అంటాను. ఊక వేశాను, వేశాననే అంటున్నా."

ఆయన కంప్యూటర్ ముందు కూచుని టకటకా రెండో కాగితం కొట్టాడు. జైతూన్ బీ దాన్ని పైనుంచి కింది దాకా చదివింది. 'పదకొండో నంబరు పెట్టెలోని ఊకను ఏడో నంబరు పెట్టెలో వేసినందున' అని ఉంది.

"తారీఖు వెయ్యలేదు సార్. జులై పంతొమ్మిది."

సారు తలెత్తి చూశాడు. తారీఖు కొట్టి మళ్ళీ ప్రింటు తీశాడు. ఆవిడ పెన్ను కోసం ఆగలేదు, జాకెట్టులో దోపుకున్న తన పెన్నే తీసి సంతకం పెట్టింది. పూర్తిపేరు, షేక్ జైతూన్ బీ, పొట్టి అక్షరాల్లో కుదురుగా.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ముగ్గురూ కంప్యూటర్ ముందు ఉన్నారు. తెరమీద నల్లటి పలక, దాని మీద నిలువు దారుల్లో తెల్లటి గీతలు. విషం రకం జీవి ఉంటే గీత కనిపిస్తుంది, లేకపోతే లేదు. అంతే లెక్క. ఏడో పెట్టె. పదకొండో తారీఖు, ఖాళీ. పద్దెనిమిది, ఖాళీ. ఇరవై ఐదు, సన్నగా మసకగా ఒక గీత. ఆగస్టు ఒకటి, గీత లావుగా, తెల్లగా.

"నా ట్యూబు సరైనదే," అంది హారిక. పెద్దగా కూడా అనలేదు. కుర్చీ చేతిని పట్టుకుని నిలబడి ఇంకోసారి అంది.  తన తప్పు తెరమీద అంత తెల్లగా కనిపిస్తుంటే సిగ్గుపడాలి కదా, సంతోషమేంటో జైతూన్ బీకే అర్థం కాలేదు.

 సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మిగతా పదకొండు పెట్టెల లెక్కలూ నిలబడతాయి. ఏడోదాన్ని విడిగా పెట్టు, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి, తారీఖుతో," అన్నాడు హారికతో. తెరమీది మసక గీత మీద వేలు పెట్టాడు. "వింతేంటంటే, వాటి కడుపులో అప్పటికే విషం లేని రకం రెండు వారాలుగా స్థిరపడి ఉంది. ముందొచ్చింది ఉన్నచోట రెండోదాన్ని రానివ్వదని మనమే రాసుకున్నాం కదా. గుప్పెడు ఊకతో వచ్చి కూచుంది. టీకా లెక్కనే మార్చేసింది."

"అంటే సార్, అది—"

"అంటే ఏమీ కాదు. ఒక్క పెట్టె, ఐదు ఎలుకలు. దీంతో ఏదీ తేలదు. కావాలని చేసి చూడాలి. చిన్నది, ఇరవై ఎలుకలతో. దానికైతే కమిటీని అడగొచ్చు." ఆయన జైతూన్ బీ వేపు తిరిగాడు. "ఎంత వేశావు ఆ రోజు?"

"గుప్పెడు సార్."

"గుప్పెడంటే? ఎన్ని గ్రాములు?"

"గుప్పెడంటే గుప్పెడే."

హారిక అప్పటికే గాజు తలుపుల తక్కెడ దగ్గరికి వెళ్ళింది. జైతూన్ బీ గ్లవ్స్ వేసుకుని, గిన్నెలోని ఊక తీసి పళ్ళెంలో వేసింది. ఆరు పాయింటు రెండు గ్రాములు. సారు చూసి, "ఇంకోసారి," అన్నాడు. ఆరు ఒకటి. "ఇంకోసారి." ఆరు రెండు. మాటల్లో పెట్టి, కిటికీలోంచి బయటికి చూడమని కూడా వేయించాడు. ఆరు రెండు. ఏడోసారి ఆరు మూడు వచ్చింది.

"ఇది ఎక్కువైంది సార్," అంది జైతూన్ బీ, అంకె చూడకముందే. హారిక పకపకా నవ్వింది.

సారు నవ్వలేదు. నోట్‌బుక్ తెరిచి, 'ఒక గుప్పెడు, ఆరు పాయింటు రెండు గ్రాములు, షేక్ జైతూన్ బీ చెయ్యి' అని రాసుకున్నాడు. రాసి, "ఆ ఇరవై ఎలుకలకీ తోడు మీరే వెయ్యాలండీ," అన్నాడు. "వేరేవాళ్ళు వేస్తే లెక్క కుదరదు."

అండీ! ఆరేళ్ళలో ఆయన నోటివెంట ఆ మాట రావడం అదే మొదలు. జైతూన్ బీ విననట్టే గ్లవ్స్ విప్పుకుంది. పదివేళ్ళూ నెమ్మదిగా, ఒక్కోటీ.

ఆయన సొరుగు లాగి ఫైలు తీశాడు. నిన్నటి కాగితం, ఆవిడ సంతకం ఉన్నది, బయటికి తీసి చింపడానికి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఇదింక ఎందుకులెండి," అన్నాడు, మర్యాదగానే.

"ఆగండి సార్!"

ఆయన ఆగాడు.

"దాని కింద ఇంకోటుంది చూడండి. సంతకం లేనిది. అది చింపండి, అది నేను చెయ్యలేదు." జైతూన్ బీ చెయ్యి చాచి సంతకమున్న కాగితాన్ని ఆయన చేతుల్లోంచి తీసుకుని, మడత సరిచేసి, మళ్ళీ ఫైల్లో పెట్టింది. "ఇది నాది. ఇది ఉండనివ్వండి."

సారు ఆవిణ్ణి ఒకసారి చూసి, మొదటి మెమో తీసి నాలుగు ముక్కలు చేశాడు. గోడ గడియారం చూసి జైతూన్ బీ లేచింది. ఎర్ర చీటీల వరస ఇంకా మార్చలేదు.

ఆ ఫైల్లో ఆవిడ పేరు మీద ఇప్పటికీ ఒక్క మెమో ఉంది. ఎలుకల గదిలో పని నేర్చుకోవడానికి కొత్తగా ఎవరొచ్చినా ముందు దాని సంగతే చెబుతుంది, తారీఖుతో సహా.